మెల్లగమ్మ వేసవి టైర్లు

ఆ ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగం మంది మెల్లగమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఆమెకు ఉంది గానీ, అది లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "మెల్లగా... మెల్లగమ్మా... ఇంకాస్త మెల్లగా నాయనా" అని పాఠం మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా జపం చేస్తూనే ఉంటుంది. ఎవరో మొదట ఎగతాళికి అన్న పేరు అలాగే అతుక్కుపోయింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. కారు తలుపు మీద డ్రైవింగ్ స్కూలు పేరు కింద తానే ఆ పేరు రాయించుకుంది.

ఆ నెమ్మది ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన అద్దాల బండి నడిపేవాడు. కిటికీలకు, బీరువాలకు వేసే నిలువెత్తు అద్దాలను చెక్క చట్రాల మధ్య నిలబెట్టి, ఊరంతా తిరిగి దుకాణాలకు వేసేవాడు. చిన్నప్పుడు ఆమె పక్క సీట్లో కూర్చుని వెనక నుంచి వచ్చే చప్పుడు వింటూ ఉండేది. అద్దాలు సన్నగా గొణిగితే పరవాలేదు. గట్టిగా మాట్లాడుకుంటే తండ్రి మొహం మాడిపోయేది. పద్దెనిమిదేళ్ళు దాటీ దాటగానే ఆ బండి ఆమె చేతికొచ్చింది. ఒక్క అద్దమైనా పగలకుండా నడిపింది. ఆ అద్దాలు వేసే దుకాణాల్లో ఒకటి కళ్ళజోళ్ళ దుకాణం. అక్కడి కుర్రాడు ఆమె వచ్చినప్పుడల్లా అవసరం లేకపోయినా ఇంకో అద్దం కావాలనేవాడు. చివరికి పెళ్ళి చేసుకున్నాడు. తీరా చేసుకున్నాక తెలిసిందేమిటంటే, అతనికి కారు ఎక్కితే కడుపులో తిప్పుతుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను భార్య కారు ఎక్కిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దుకాణానికి నడిచే వెళతాడు, నడిచే వస్తాడు.

ఇంట్లో మూడో మనిషి వదిన, అంటే అతని అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. జీవితమంతా ఊరి మాటలన్నీ చెవిలో వేసుకుని పైకి ఒక్కటీ చెప్పకుండా ఉన్నందుకో ఏమో, రిటైరయ్యాక మాత్రం నోరు ఆపలేదు. డెబ్బై దాటినా పక్క సీటు తనదేనంటుంది. పాఠాలు లేని వేళల్లో మెల్లగమ్మ ఎక్కడికి వెళ్ళినా ఆమె వెంటే.

ఒక మండుటెండ మధ్యాహ్నం కారు కడుగుతూ మెల్లగమ్మ టైర్లు చూసుకుంది. నాలుగూ నున్నగా గుండు కొట్టించుకుని ఉన్నాయి. వెంటనే వదినను ఎక్కించుకుని టైర్ల షాపుకి బయల్దేరింది. షాపతను ఆమె దగ్గర నేర్చుకున్నవాడే.

"మీ కారు సైజు ఇప్పుడు దొరకట్లేదు టీచరమ్మా," అన్నాడతను తల గోక్కుంటూ. "ఒకే ఒక్క సెట్టు ఉంది. ఎవరో కుర్రాడు తెప్పించమన్నాడు. అవి వచ్చేలోపు కారే అమ్మేశాడు. కాకపోతే అవి మామూలువి కావు. జోరుగా నడిపేవాళ్ళు వేసుకునే వేసవి టైర్లు."

"మెల్లగా నడిపేవాళ్ళు వేసుకుంటే పేలిపోతాయా?"

"పేలవమ్మా. చిన్నబుచ్చుకుంటాయి."

షాపు బయట బల్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకతను టాక్సీ నడుపుతాడు, ఇంకొకతను అంబులెన్సు. ఇద్దరి బండ్లూ లోపల జాకీల మీద ఉన్నాయి. టైర్ల మాట చెవిన పడగానే ఇద్దరూ బల్ల మీద ముందుకు జరిగారు.

"నేనొకసారి వేశానండీ," అన్నాడు టాక్సీ అతను. "చాలా గట్టిగా ఉంటాయి. రోడ్డు మీద చీమ నడిచినా నడుముకి తెలిసిపోతుంది. రొద కూడా ఎక్కువే. ఎక్కినవాళ్ళు రేడియో పెంచమనేవాళ్ళు. ఒక్క వేసవికే అరిగి ఊరుకున్నాయి. కానీ ఏం చెప్పమంటారు, ఇప్పటికీ వాటిని తలుచుకుంటే నవ్వొస్తుంది."

"నవ్వెందుకయ్యా?" అంది వదిన.

"అది చెప్తే తెలిసేది కాదండీ."

అంబులెన్సు అతను తన మాట కూడా కలిపాడు. "మా పాత బండికి అలాంటివే ఉండేవి. వానలో బ్రేకు కొడితే మేకు దిగినట్టు ఆగేది. ఎండ కాయాలి, రోడ్డు కాగాలి, అప్పుడు చూడాలి వాటి తడాఖా. చల్లగా ఉంటే మాత్రం నమ్మకండి టీచర్. రబ్బరు కర్రయిపోతుంది."

మెల్లగమ్మ తల ఊపింది గానీ ఆ చివరి మాట ఆమె బుర్రకెక్కలేదు. అప్పటికే షాపతను మొదటి టైరు దొర్లించుకొస్తున్నాడు. వేలితో నొక్కి చూసింది. మెత్తగా ఉంది, కాస్త బంకగా కూడా. వేలు తీస్తుంటే టైరు వదలనన్నట్టు అనిపించింది.

ఇంటికి నీళ్ళ ట్యాంకు గుట్ట మీదుగా వెళ్ళాలి. ఆ గుట్ట దిగేచోట పెద్ద మలుపు ఉంది. అక్కడ మెల్లగమ్మ ఎప్పుడూ దూరం నుంచే బ్రేకు నొక్కుతుంది, మళ్ళీ నొక్కుతుంది, కారు నత్తలా పాకాక అప్పుడు తిప్పుతుంది. ఆ రోజు వదిన ఎక్స్ఛేంజీలో ఒకే లైను మీద ఇద్దరు అల్లుళ్ళు ఒకే మామగారితో పోట్లాడిన కథ చెబుతోంది. కథ మంచి పట్టులో ఉండగా మలుపు వచ్చేసింది. బ్రేకు సంగతి మెల్లగమ్మ మరిచిపోయింది. చేతులు మాత్రం వాటంతటవే తిరిగాయి.

కారు ఒరగలేదు. జారలేదు. టైర్లు కీచుమనలేదు కూడా. గుట్టే తన చెయ్యి చాచి కారుని పట్టుకుని చుట్టూ తిప్పి కిందికి దించినట్టయింది. మెల్లగమ్మ వీపు సీటుకు అతుక్కుపోయింది, ఏం జరిగిందో తెలిసేలోపు ఫక్కున నవ్వేసింది.

వదిన కథ ఆపేసింది. "ఏమైంది ఇప్పుడు?"

"ఏం కాలేదు వదినా."

"అదే అడుగుతున్నా. రోజూ ఇక్కడ నీ బ్రేకులకి నా తల కిటికీకి కొట్టుకునేది. ఇవాళ కొట్టుకోలేదేం?"

"కొత్త టైర్లు కదా."

వదిన ఒక్క నిమిషం ఆలోచించింది. "అయితే వెనక్కి తిప్పు. ఇంకోసారి కొట్టుకోకుండా వద్దాం."

ఆ సాయంత్రం వాళ్ళు ఆ మలుపు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో లెక్క లేదు. గుట్ట పైకి ఎక్కడం, కిందికి దిగడం. దిగిన ప్రతిసారీ ఇద్దరూ స్కూలు ఎగ్గొట్టిన పిల్లల్లా నవ్వడం. మెల్లగమ్మ వేగం హద్దు దాటలేదు. బోర్డు మీద రాసిన అంకె ఆమెకు ప్రాణంతో సమానం. ఇన్నేళ్ళూ ఆ అంకెలో సగమే వాడుకుందని మాత్రం ఆ రోజే తెలిసింది.

మర్నాటి నుంచి అదో పిచ్చి అయిపోయింది. పాఠాలయ్యాక, ఎండ ఇంకా రోడ్డు మీద ఉండగానే, ఇద్దరూ గుట్ట ఎక్కేవాళ్ళు. ఇంట్లో చెప్పడానికి ఒక సాకు కావాలి. గుట్ట మీద కూరగాయలు అమ్మే ఒక ముసలాయన ఉండేవాడు. ఆ కాలంలో ఆయన దగ్గర దొరికేవి గుమ్మడికాయలు మాత్రమే. కాబట్టి రోజూ ఓ గుమ్మడికాయ ఇంటికొచ్చేది. వంటింటి గట్టు నిండింది. అల్మారా కింద నిండింది. ఇవ్వడానికి వెళితే పక్కింటివాళ్ళు తలుపు తీయడం మానేశారు.

ఒక రాత్రి భోజనాల దగ్గర భర్త మెల్లగా కదిపాడు. "ఏమోయ్, మనం ఉన్నదే ముగ్గురం. నా మంచం కింద గుమ్మడికాయలేంటి?"

మెల్లగమ్మ నీళ్ళు తాగుతూ గ్లాసు వెనక దాక్కుంది.

"కళ్ళకి మంచివిరా తమ్ముడూ," అంది వదిన తడుముకోకుండా. "కళ్ళ దుకాణం పెట్టుకుని ఆ మాత్రం తెలీదా?"

అతను కళ్ళజోడు సర్దుకుని అక్కని చూశాడు, భార్యని చూశాడు. ఇద్దరి బుగ్గలూ ఎండకు కందిపోయి, ముసిముసి నవ్వులు ఆపుకోలేక మెలికలు తిరుగుతుంటే అతనికి ఏదో జరుగుతోందని తెలియకపోలేదు. అడిగితే చెప్పేస్తారేమో, తనని కూడా ఎక్కమంటారేమోనని భయపడి ఊరుకున్నాడు.

ఆ రోజుల్లోనే కేకుల షాపావిడ పాఠాలకి వచ్చేది. స్టీరింగు పట్టుకుంటే ఆమె భుజాలు చెవుల దాకా లేచేవి. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ కేకులు తానే తీసుకెళ్ళాలని ఆమె కోరిక. మలుపు వస్తే చాలు, వెనక సీట్లో కేకు ఉన్నట్టే ఊహించుకుని కొయ్యబారిపోయేది. పాత మెల్లగమ్మ అయితే "మెల్లగా" అని ఊరుకునేది. కొత్త మెల్లగమ్మకి అది చాలలేదు.

"రేపొచ్చేటప్పుడు నిజంగానే ఓ కేకు తీసుకురండి," అంది. "అంతస్తుల కేకు."

"ఎందుకండీ?"

"చెప్తా రండి."

మర్నాడు మూడంతస్తుల తెల్ల కేకు వెనక సీట్లోకి వచ్చింది. దాని పక్కన పెట్టె పట్టుకునే నెపంతో వదిన కూడా ఎక్కి కూర్చుంది. మొదట స్టీరింగు మెల్లగమ్మ తీసుకుంది. గుట్ట దిగుతూ మలుపు కన్నా ముందే బ్రేకు మెత్తగా ఒక్కసారి నొక్కి వదిలేసింది. తర్వాత స్టీరింగు తండ్రి నేర్పినట్టు తిప్పింది. వెనక అద్దాలు ఉన్నాయనుకుని, అవి గొణగకుండా. కేకు మీద పువ్వు రేకైనా కదల్లేదు.

"చూశారా? వేగం వల్ల పడిపోదు కేకు. కుదుపు వల్ల పడుతుంది. టైరు మీద నమ్మకం ఉంచి చెయ్యి వదులుగా పెట్టండి. అది పట్టుకునే ఉంటుంది. మీరు దాన్ని భయపెట్టకపోతే చాలు."

తర్వాత కేకావిడ స్టీరింగు ముందు కూర్చుంది. మొదటిసారి పై అంతస్తు ఓ పక్కకి ఒరిగింది. వదిన వేలితో సరిచేసి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది. రెండోసారి మధ్య అంతస్తు. వదిన దాన్ని కూడా సరిచేసింది. మూడోసారి ఏమీ కదల్లేదు. వదిన మొహంలోనే కాస్త నిరాశ కనబడింది. కేకావిడ కారు ఆపి, భుజాలు కిందికి దించి, "నేనేనా తిప్పింది?" అని అడిగింది. నలుగురూ గుట్ట మీద కూర్చుని ఆ కేకు తిన్నారు. నాలుగో మనిషి గుమ్మడికాయల ముసలాయన. ఆ రోజు ఆయన కాయ ఊరికే ఇచ్చాడు.

వేసవి చివర్లో ఊరి బయట పాడుబడిన విమానాశ్రయ మైదానంలో కార్ల క్లబ్బువాళ్ళు ఏటా ఒక పోటీ పెడతారు. రన్‌వే మీద రబ్బరు కోన్లు పేర్చి, వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కో కారూ వెళ్ళాలి. ఒక్కొక్కరికీ రెండు వంతులు, తక్కువ సమయంలో వచ్చినవాళ్ళు గెలిచినట్టు. వదిన ఎవరికీ చెప్పకుండా మెల్లగమ్మ పేరు ఇచ్చేసింది.

"వదినా, నేనా? ఆ కుర్రాళ్ళ మధ్యనా?"

"కుర్రాళ్ళంతా నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళేగా. వాళ్ళెంత నేర్చుకున్నారో చూసుకోవా?"

నిజం చెప్పాలంటే మెల్లగమ్మ కాదనాలని కూడా అనుకోలేదు. ఆమె కాళ్ళు అప్పటికే నేల మీద లేవు.

పోటీ రోజు పొద్దున్నే ఇద్దరూ మైదానానికి చేరారు. ఆ కొండ ప్రాంతంలో వేసవి ముగుస్తూనే చలి దిగుతుంది. ముందు రాత్రే వాతావరణం మారింది. నోట్లోంచి ఆవిరి వస్తోంది. గడ్డి మీద తెల్లగా మంచు. డ్రైవర్లందరూ కళ్ళ పరీక్ష చేయించుకున్నాకే కారెక్కాలని క్లబ్బు నియమం. వరుసలో నిలబడి మెల్లగమ్మ తన వంతు రాగానే డేరాలోకి వెళ్ళింది.

"ఎడమ కన్ను మూసుకుని పై వరుస చదవండి," అన్నాడు లోపలి మనిషి, తల ఎత్తకుండా.

ఆ గొంతు ఆమె రోజూ వినేదే. పొద్దున్నే ఏదో పని మీద వెళ్ళాలంటూ ఇంట్లోంచి నడిచి బయల్దేరిన భర్త పని ఇదన్నమాట. పారిపోదామా అనుకుంది. వెనక పెద్ద వరుస ఉంది. చేత్తో ఎడమ కన్ను మూసుకుని, వీలైనంత మొహం కూడా మూసుకుని, గొంతు మార్చి చదవడం మొదలుపెట్టింది.

అతను తల ఎత్తాడు. ఆమె రెండో అక్షరం దగ్గర ఆగిపోయింది.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"కింది వరుస కూడా చదువు," అన్నాడు.

చదివింది.

"ఇప్పుడు కుడి కన్ను మూసుకో."

మూసుకుంది. అదీ చదివింది.

"కళ్ళు బాగున్నాయి," అన్నాడు. "మిగతా సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. గుమ్మడికాయల సంగతి కూడా."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డేరా బయటికి వచ్చాక నవ్వే గెలిచింది.

ఆమె వంతు తొందరగానే వచ్చింది. రన్‌వేకి ఇటూ అటూ ఊరి జనం. సగం మంది శిష్యులే. వాళ్ళ వెనక టైర్ల షాపతను, బల్ల మీద మాట కలిపిన అంబులెన్సు అతను. అతనికి ఆ రోజు అక్కడే డ్యూటీ. జెండా ఊపగానే మెల్లగమ్మ బయల్దేరింది. మొదటి కోను దాటింది. రెండో కోను దగ్గర, గుట్ట మీద తిప్పినట్టే, నమ్మకంగా తిప్పింది.

టైర్లు పట్టుకోలేదు. కారు ముందు భాగం ఓ పక్కకి వెళ్ళింది, వెనక భాగం ఇంకో పక్కకి వెళ్ళింది. ఆకాశం, జనం, డేరా, మళ్ళీ ఆకాశం అద్దంలోంచి వరుసగా దాటిపోయాయి. కోన్లు అటూ ఇటూ ఎగిరాయి. చివరికి కారు తను వచ్చిన దిక్కుకే మొహం పెట్టి ఆగింది. తర్వాత శిష్యులందరూ ఒక్క గొంతుతో అరిచారు.

"మెల్లగా టీచర్! ఇంకాస్త మెల్లగా!"

మైదానమంతా నవ్వింది. లోపల ఒక్కతే కూర్చున్న మెల్లగమ్మ కూడా స్టీరింగు మీద తల ఆనించి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఎప్పుడూ ఒక్క అద్దం పగలగొట్టని మనిషి, ఊరందరి ముందు బొంగరంలా తిరిగింది. అవమానం అనిపించాలి గదా అని లోపల వెతుక్కుంది. దొరకలేదు.

అంబులెన్సు అతను పరిగెత్తుకొచ్చాడు. దెబ్బ తగల్లేదని చూసుకున్నాక నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఆ రోజు చెప్పానా లేదా టీచర్? చల్లగా ఉంటే కర్రే."

"చెప్పావు నాయనా. నేనే విన్లేదు."

"ఎండ రానివ్వండి. రెండో వంతు మధ్యాహ్నం అడగండి."

ఎండ వచ్చేదాకా వదిన టైర్లకి కాపలా కాసింది. నీడ పడితే కారుని ముందుకి జరపమనేది. ఒక దశలో తన శాలువా తీసి ముందు టైరు మీద కప్పబోతే టైర్ల షాపతను దండం పెట్టి ఆపాడు. భర్త డేరాలోంచి అప్పుడప్పుడూ బయటికొచ్చి, ఆకాశం చూసి, లోపలికి వెళ్ళేవాడు.

మధ్యాహ్నానికి రన్‌వే వెచ్చబడింది. మెల్లగమ్మ దిగి అరచెయ్యి తారు మీద పెట్టి చూసింది. టైరు మీద పెట్టి చూసింది. మళ్ళీ ఆ బంకతనం. ఎక్కి కూర్చుంది.

ఈసారి కారు కోన్ల మధ్య నుంచి దారం సూదిలోకి వెళ్ళినట్టు వెళ్ళింది. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. కుదుపు లేదు, చప్పుడు లేదు. చివరి మలుపులో మాత్రం ఆమె నోట్లోంచి తెలియకుండానే ఒక కేక వెలువడింది. చిన్నపిల్ల ఉయ్యాల మీద పెట్టే కేక అది. బయట అందరికీ వినబడింది. ఆమె నాలుగో స్థానంలో నిలిచింది. మూడో స్థానం కూడా తన మరదలిదేనని, ఒక కోను వంకరగా పెట్టారని వదిన క్లబ్బువాళ్ళతో బహుమతులు ఇచ్చేదాకా వాదించింది.

బహుమతులు అయ్యాక డ్రైవర్లు తమ ఇంట్లోవాళ్ళని సరదాగా ఓ చుట్టు తిప్పొచ్చన్నారు. వదిన తలుపు మీద చెయ్యి వేసింది. వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, కాస్త జరుగు."

అతను పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి. లేకపోతే ఇంకా తిప్పుతుంది," అందామె.

"ఎప్పుడు తెరవాలో నాకు తెలుసు. నువ్వు పోనీ."

ఆమె పోనిచ్చింది. మూడో కోను దగ్గర అతను ఒక కన్ను తెరిచాడు. ఐదో కోను దగ్గర రెండోదీ తెరిచాడు. ఆగాక దిగి, కారు పట్టుకుని నిలబడి, పాలిపోయిన మొహంతో చాలాసేపు గాలి పీల్చుకున్నాడు.

"బాగుందా?" అంది.

"అస్సలు బాలేదు," అన్నాడు. "కానీ నువ్వు నవ్వుతుంటే చూశాను. అద్దాల బండి దిగి మా దుకాణంలోకి వచ్చేటప్పుడు ఇలాగే నవ్వేదానివి. ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టావు?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని నీడలోకి తీసుకెళ్ళి నీళ్ళు ఇచ్చింది.

ఆ తర్వాతి నెలల్లో చలి ముదిరింది. వేసవి టైర్లు విప్పి, చలికాలానికి వేరేవి వేయించుకుంది. ఎండలు తిరిగి రాగానే వేసవి టైర్లు మళ్ళీ ఎక్కాయి, క్లబ్బువాళ్ళు మైదానం ఇచ్చారు. వారానికి ఒక మధ్యాహ్నం అక్కడ మెల్లగమ్మ కొత్త పాఠం మొదలుపెట్టింది. టైరు ఎప్పుడు పట్టుకుంటుందో, ఎప్పుడు వదిలేస్తుందో కూర్చోబెట్టి చెప్పదు, కారెక్కించి చూపిస్తుంది. మొదటి రోజు కేకుల షాపావిడ వచ్చింది. అంబులెన్సు అతను తన ఆస్పత్రి నుంచి ఇంకో ఇద్దరిని వెంటపెట్టుకొచ్చాడు. పాఠం మధ్యలో వెచ్చటి వాన మొదలైంది. అందరూ ఆపేద్దామన్నారు.

"ఇప్పుడే కదా అసలు పాఠం," అని మెల్లగమ్మ తలుపు తీసింది. "ఎక్కండి. ముందు ఎవరు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మైదానం అంచున గొడుగు కింద నిలబడి ఉన్న వదిన, పక్కనున్న తమ్ముడి చేతికి గొడుగిచ్చి, చీర కొంగు నడుముకు బిగించి, స్టీరింగు వైపు నడిచింది.

"లైసెన్సు లేదుగా వదినా," అంది మెల్లగమ్మ.

"ఇది రోడ్డు కాదుగా," అంది వదిన. కూర్చుని సీటు ముందుకి లాక్కుంది.